పులిపిరులు – దేహమునకు కాపలా

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున కొత్తకోటలో చేయబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. పులిపిరిని గూర్చి ప్రసంగమేమని కొందరికి నవ్వు రావచ్చును. కాని ఈ సభలో కూర్చున్న వారిలో చిన్ననాట వ్రేలి మీదనో, మోకాలి మీదనో, అరికాలిలోనో ఒక్క పులిపిరియైన లేవని వారు కొద్దిమందియే యుందురు. అది లేచినప్పుడు జరిగిన చికిత్సయు ఇంటింటికి ఒక తీరుగా నుండును. ఒకరు తడిసున్నములో బట్టలసోడా కలిపి పుల్లతో అంటించెదరు. ఒకరు జిల్లేడు పాలు పూసెదరు. మరియొకరు నల్లజీడి రసము పెట్టెదరు; వెలుగుచున్న అగరువత్తి కొనను తాకించువారును కలరు. గుర్రపు తోకవెంట్రుక కట్టుట, దేవునికి ఉప్పు మిరియములు మ్రొక్కుకొనుట అందరికి తెలిసినవే. వీనిలో కొన్నిటికి పులిపిరి పోయినదని ప్రమాణము చేసి చెప్పువారు ప్రతి ఊరిలో నుందురు. వారు చెప్పునది అబద్ధము కాదు. అది ఎందువలన నిజమగుచున్నదో తెలిసికొనుటయే ఈ ప్రసంగములో సగము పని. మిగిలిన సగము, ఎవరికి అది నిజము కాకపోవునో, వారి శరీరములో ఏమి లోపించినదో విచారించుట.

మొదట పేరు సంగతి. తెలుగునాట పులిపిరి అను మాటను రెండు వేరు వేరు వస్తువులకు వాడుచున్నారు. నడివయసు వచ్చిన వారికి మెడ చుట్టును, చంకలలోను, కనురెప్పల మీదను సన్నని తొడిమతో వ్రేలాడు మెత్తని తోలు బుడిపెలు లేచును. వీనికిని పులిపిరులనియే పేరు. కాని ఇవి అంటువ్యాధి కావు. స్థూలకాయులకు, మధుమేహము ఉన్నవారికి, రానున్నవారికి ఇవి హెచ్చుగా కనబడును. గుర్రపు వెంట్రుక కట్టిన ఊడిపోవునవి ఇవియే. తొడిమకు బిగించినందున రక్తము అందక ఎండి రాలును. ఈ ప్రసంగము వానిని గూర్చి కాదు. తొడిమ లేక, గరుకుగా, కాకరకాయ తోలు వలె ముండ్లు ముండ్లుగా చేతుల మీదను, గోళ్ళ ప్రక్కను, మోకాళ్ళ మీదను లేచునట్టి అసలు పులిపిరిని గూర్చి. దానికి వెంట్రుక కట్టుటకు తొడిమయే లేదు.

అరికాలిలో లేచు పులిపిరిని ఆనెకాయ అని పొరబడుట సర్వసాధారణము. రెండింటిని వేరు చేయుటకు ఉపాయము కలదు. ఆనెను పైనుండి నొక్కిన నొప్పి హెచ్చు. పులిపిరిని రెండు ప్రక్కల నుండి చిటికెతో పట్టి నొక్కిన నొప్పి హెచ్చు. అరికాలి చర్మపు సన్నని గీతలు ఆనె మీదుగా సాగిపోవును. పులిపిరి దగ్గరకు వచ్చి ఆగి, దాని చుట్టు ప్రక్కకు తొలగిపోవును. పై తోలును కొంచెము గీకి చూచిన పులిపిరిలో నల్లని ఆవగింజల వంటి చుక్కలు కనబడును. వానిని వేళ్ళనియు, విత్తనములనియు అనుకొని సూదితో తవ్వువారు కలరు. అవి వేళ్ళు కావు. గడ్డకట్టిన రక్తపు సన్నని నాళములు. తవ్విన రక్తము వచ్చుటయే గాని ఫలము లేదు.

ఇక కారణము. పులిపిరిని పుట్టించునది పాపిల్లోమా వైరసు. 1907లో చూఫో అను ఇటలీ వైద్యుడు పులిపిరిని నూరి, సూక్ష్మజీవులు కూడ దూరలేని వడపోతలో వడకట్టి, దిగిన రసమును చర్మమునకు ఎక్కించగా కొన్ని నెలలకు అచ్చట పులిపిరులు లేచినవి. అనగా దీని కారకము సూక్ష్మజీవుల కన్న చిన్నది. 1949లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో దాని రూపమును చూడగలిగిరి. అట్టివి ఇరువదివేలు వరుసగా పేర్చిన ఇంచుమించు ఒక మిల్లీమీటరగును. దాని జన్యులిపి అంతయు కలిపి సుమారు 8,000 అక్షరములు. ఈ సంచికలో అచ్చువేసిన నాలుగైదు పుటలకు మించదు. అంత చిన్న పుస్తకముతో అది మానవుని చర్మములో ఏండ్ల తరబడి కాపురము చేయుచున్నది.

ఈ వైరసులో ఒక్క జాతి కాదు, రెండు వందలకు మించిన రకములను శాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించి అంకెలతో పిలుచుచున్నారు. అరికాలి లోతైన పులిపిరికి 1వ రకము, చేతుల మీది గరుకు పులిపిరులకు 2, 4, 27, 57 రకములు, పిల్లల ముఖము మీద చదునుగా లేచు సన్నని పులిపిరులకు 3, 10 రకములు ముఖ్యకారణములు. మాంసము కోయువారి చేతులకు మాత్రము ప్రత్యేకముగా 7వ రకము పట్టుచుండును. అది పశువు నుండి వచ్చినది కాదు, మనుష్య వైరసే. తడి చేతులు, కత్తి గీతలు, చల్లని మాంసము దానికి అనుకూలించుచున్నవని ఊహ.

వైరసు చర్మములోనికి ప్రవేశించుటకు కంటికి కనబడని గీత చాలును. గోళ్ళు కొరుకు పిల్లల వ్రేళ్ళ చుట్టును, నీళ్ళలో నాని మెత్తబడిన అరికాళ్ళకును, క్షౌరము చేయించుకొను గడ్డము మీదను ఇది సులభముగా అంటును. గీత ద్వారా చర్మపు అడుగు పొరను చేరి, అచ్చటి కణములలో దాగి యుండును. ఆ కణములు పైకి జరుగుచు ముదిరిన కొలది ఇదియు తన సంతతిని పెంచును. చివరకు పై పొర పొట్టుగా రాలునప్పుడు దానితో బయటకు పోయి మరియొకరి చర్మము కొరకు వేచియుండును. ఈ యాత్రలో అది రక్తములోనికి దిగదు, కణమును పగులగొట్టదు, జ్వరము తెప్పించదు. ఇంటి కప్పు మీద నక్కిన దొంగ క్రింద నున్న కుక్కకు వాసన తగులనీయని తీరు ఇది. అందువలననే శరీరపు కాపలా దీనిని గుర్తించుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును.

కాని గుర్తించిన నాడు జరుగునది చూడదగినది. రక్తములోని తెల్లకణములలో లింఫోసైటులు అను జాతి కలదు. వానిలో టి కణములు అను తెగ వైరసు చేరిన కణమును ఆనవాలు పట్టి దానిని చంపగలవు. ముఖము మీద ముప్పది నలుబది చదును పులిపిరులున్న బాలునికి ఒకనాడు అవి అన్నియు ఒక్కసారిగా ఎఱ్ఱబడి దురదపెట్టును. తల్లి అది ముదిరినదని భయపడును. రెండు మూడు వారములలో అన్నియు మాయమగును. ఒక్క చోట గుర్తుపట్టిన కాపలా దేహమంతట వెదకి పట్టుట వలన ఇట్లగును. పులిపిరులున్న పిల్లలను గమనించిన ఒక అధ్యయనము 1963లో ప్రకటింపబడినది. ఏ చికిత్సయు లేకయే రెండేండ్లలో మూడింట రెండు వంతుల పులిపిరులు తామే పోయినవని అందు తేలినది.

ఉప్పు మిరియములకు, మంత్రమునకు, తాయెత్తునకు వచ్చిన కీర్తి అంతయు ఇందుండియే వచ్చినది. పోవలసిన కాలము వచ్చినప్పుడు దగ్గర ఏ చికిత్స ఉన్నదో దానికి పేరు దక్కినది. మ్రొక్కుబడి వలన హాని లేదు. నిజమునకు, సున్నము సోడా కంటె అది మేలైన చికిత్స. సున్నము, సోడా కలిసిన కాటుక్షారము తయారగును. అది పులిపిరితో పాటు దాని చుట్టును మంచి చర్మమును తినివేసి, మానని పుండును, పెద్ద మచ్చను మిగుల్చును. నల్లజీడి రసము కొందరికి ముఖమంతయు బొబ్బలెక్కించును. రెండేండ్లలో తానే పోవు వస్తువు కొరకు జన్మాంతము ఉండు మచ్చ తెచ్చుకొనుట లాభము లేని బేరము.

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యవంతుల కథ. పులిపిరి పోవుట అనునది మందు పని కాదు, కాపలా పని అయినచో, కాపలా లేనివాని సంగతి ఏమి?

బంగ్లాదేశములో ఖుల్నా ప్రాంతపు రిక్షా కార్మికుడొకడు చేతులకు, పాదములకు చెట్టు బెరడు వలె కొమ్ములు పెరిగి, తన బిడ్డను తాకలేని స్థితిలో 2016లో ఢాకా వైద్య కళాశాల ఆసుపత్రికి చేరెను. పత్రికలు అతనిని చెట్టుమనిషి అని వర్ణించినవి. పలుమార్లు శస్త్రచికిత్స చేసి తొలగించినను మరల పెరిగినవి. ఇట్టి రోగులు లోకములో అతి కొద్దిమంది. వారి కథ జనులకు వింతగా తోచినదే గాని, దాని వెనుక నున్న కారణము 2021 వరకు సరిగా తెలియలేదు. ఆ సంవత్సరము పారిస్, న్యూయార్కు నగరముల పరిశోధకులు ఒక ఇరాను కుటుంబమును పరీక్షించి ప్రకటించిన సంగతి ఆశ్చర్యకరము. చెట్టుమనిషి రోగము గల ఆ కుటుంబ సభ్యుని చర్మములో ఉన్నది ఏదో ఘోరమైన క్రొత్త వైరసు కాదు. బడిపిల్లల వ్రేళ్ళ మీద ఒకటి రెండు పులిపిరులు లేపు 2వ రకమే. లోపము వైరసులో లేదు. అతని టి కణముల మీద ఉండవలసిన సి.డి. 28 అను ఒక చిన్న భాగము పుట్టుకతోనే లేదు. తక్కిన రోగములను అతని దేహము చాలవరకు ఎదుర్కొనగలిగినది. ఈ ఒక్క వైరసు ఎదుట మాత్రము నిలువలేకపోయినది. విత్తనము ఒక్కటియే. చేను వేరు.

ఇట్టిదే మరియొక పుట్టు వ్యాధిని లెవాండోవ్‌స్కీ, లుట్స్ అను వైద్యులు 1922లో వర్ణించిరి. ఈ వ్యాధి గల పిల్లలకు ఏడెనిమిది యేండ్ల నుండి ఒంటి మీద చదును పులిపిరులును, శోభి మచ్చల వంటి మచ్చలును లేచి ఎప్పటికిని పోవు. సాధారణ జనులలో ఏ చిహ్నము లేకుండ నివసించు 5, 8 రకముల వైరసులు వీరిలో విజృంభించును. ఎండ తగులు నుదుటి మీదను, చేతుల మీదను ఆ మచ్చలలో కొన్ని నడివయసు నాటికి పుట్టకురుపుగా, అనగా క్యాన్సరుగా మారుట కలదు. ఇందుకు మూలమైన జన్యువులలో రెండింటిని 2002లో కనిపెట్టిరి. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండును చెడినవి కలిసినప్పుడే రోగము బయటపడును. రక్తసంబంధుల పెండ్లిండ్లలో అట్లు కలియుటకు అవకాశము హెచ్చు. మేనరికములు ఇంకను సాగుచున్న తెలుగునాట ఈ మాటను వినియు విననట్లు పోవుటకు వీలులేదు. రోగము అరుదే. అయినను శోభి అని మందు పూసిపూసి విసిగిన బిడ్డకు, తోబుట్టువునకు కూడ అట్టివే ఉన్నప్పుడు, చర్మవైద్యునికి చూపి, ఎండ నుండి కాపాడుట అవసరము.

పుట్టుకతో వచ్చు లోపములు వేలలో లక్షలలో ఒకటి. నడుమ వచ్చు లోపములు అట్లు కావు.

పాలమూరు కూలి అన్న మాట దేశమంతట తెలిసినదే. ఆనకట్టలు, కాలువలు, బొంబాయి పుణె నగరముల మేడలు కట్టుటకు ఈ జిల్లా జనులు తరతరములుగా వలసపోయిరి. వలసపోయిన చోట్ల హెచ్.ఐ.వి. అంటిన వారును, ఇంటికి తెచ్చిన వారును ఉండిరి. అవిభక్త ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి బహుళముగా వ్యాపించిన రాష్ట్రములలో ఒకటిగా ఉండినది. హెచ్.ఐ.వి. చంపునది సరిగా ఆ టి కణములలో ఒక ముఖ్యమైన తెగనే. కాపలాదారుల పెద్దను తీసివేసిన తరువాత మిగిలినవారికి ఆజ్ఞ ఇచ్చువాడు ఉండడు. అట్టి రోగికి పులిపిరులు ఒకటి రెండుతో ఆగక, చేతులనిండ, ముఖమునిండ, పెదవుల మీదను, మర్మస్థానములలోను లేచి, ఎంత కాల్చినను తిరిగి లేచుట కలదు. కొందరిలో ఇంకను దగ్గు, జ్వరము, బరువు తగ్గుట మొదలుకాక మునుపే ఇది కనబడును.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పవలెను. పులిపిరి ఉన్నవాడెల్ల హెచ్.ఐ.వి. రోగి అని ఎవరైన తలచిన అది మహాపరాధము. పులిపిరులున్న వారిలో అత్యధికులు సంపూర్ణ ఆరోగ్యవంతులు. వయసు వచ్చినవానికి ఆకస్మికముగా అనేకము లేచి, రెండేండ్లు దాటియు పెరుగుచునే యున్నచో మాత్రము చర్మముతో పాటు రక్తమును కూడ పరీక్షింపవలసియుండును. ఆ పరీక్ష ప్రభుత్వ కేంద్రములలో ఉచితము, రహస్యము. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము మందులను ఉచితముగా ఇచ్చుట మొదలిడినది. 2017 నుండి రోగము తేలిన వెంటనే, కణముల లెక్క తగ్గువరకు ఆగక, మందు ఇచ్చుచున్నారు. 2018 సెప్టెంబరులో అమలునకు వచ్చిన చట్టము ప్రకారము రోగి అనుమతి లేక అతని సంగతి బయటపెట్టుట, పనిలోనో బడిలోనో వెలివేయుట శిక్షార్హము లేక నిషిద్ధము. క్రమముగా మందు వాడు రోగి కాపలా చాలవరకు తిరిగి బలపడును. పులిపిరులు మాత్రము కొందరికి అప్పుడు పోవును, కొందరికి మొండిగా నిలుచును. దానిని చూచి మందు పనిచేయలేదని మానివేయరాదు.

కాపలాను తగ్గించునది రోగమే కానక్కరలేదు. మందు కూడ కావచ్చును. ఈ సందర్భమున ఒక తెలుగువాని పేరు తలపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, హార్వర్డులో పనిచేసి, పిదప లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించెను. అచ్చట 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు మందులును ఆ ప్రయోగశాలనుండియే వెలువడినవి. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు వానిలో ఒకదానిని రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైన రోగము వెనుకకు తగ్గుట చూచి 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసెను. ఆ మందుల తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేడు క్యాన్సరుకే గాక కీళ్ళవాతమునకు, పొలుసు చర్మవ్యాధికి లోకమంతట వాడబడుచున్నది.

వేగముగా పెరుగు కణములను అణచుట ఈ మందు గుణము; పెద్ద మోతాదులో అది రక్షణ కణములను కూడ అణచును. కీళ్ళవాతములో దేహము తన కీళ్ళనే శత్రువని కొట్టుచుండును గనుక, అట్టి కాపలాను కొంత తగ్గించుటయే అచ్చట చికిత్స. తగ్గిన కాపలా నడుమ పులిపిరులకు సందు దొరకుట వింత కాదు. అట్టివారు మందు మానక, వైద్యునికి చెప్పవలెను. ఇంకొక హెచ్చరిక ఇక్కడనే చెప్పుట మంచిది: కీళ్ళవాతమునకు ఈ మందు వారమునకు ఒక దినము మాత్రమే. దినదినము మ్రింగుట వలన ప్రాణములు పోయిన సంఘటనలు కలవు. చీటిలో వారము పేరు వ్రాయించుకొని, ఇంటిలో చదువ నేర్చిన వారిచేత చదివించుకొని మ్రింగవలెను.

మూత్రపిండము మార్పిడి చేసికొన్నవారి సంగతి ఇంకను స్పష్టము. ఇతరుని అవయవమును దేహము తిరస్కరింపకుండుటకు వారు జీవితాంతము కాపలాను అణచు మందులు వాడవలెను. ఏండ్లు గడచిన కొలది వారిలో సగమునకు మించినవారికి పులిపిరులు లేచుట పలు దేశములలో చూచినదే. తెల్లని మేనివారికి ఎండ తగిలిన చోట్ల చర్మపు క్యాన్సరు కూడ హెచ్చుగా వచ్చుచున్నది. నల్లని మేనివారికి ఆ భయము తక్కువ, అయినను లేకపోలేదు. 2013లో జీవన్‌దాన్ పథకము ఆరంభమైన పిదప మరణించినవారి అవయవములు పొందువారి సంఖ్య తెలుగునాట పెరిగినది. వారు పల్లెలకు తిరిగివచ్చి వ్యవసాయము చేసికొనుచున్నారు. వారి చేతి మీది పులిపిరిని సున్నముతో కాల్చు పుణ్యమును ఎవరును కట్టుకొనకుందురు గాక.

వీని అన్నిటి కంటె దగ్గరి ప్రమాదము స్టెరాయిడు మందులు. వైద్యుడు కొలచి ఇచ్చినప్పుడు అవి ప్రాణదాతలు. కాని ఒళ్ళునొప్పులకు, ఆయాసమునకు, ఆకలికి అని చీటి లేకుండ కొని నెలల తరబడి మ్రింగువారు కలరు. మొగము గుండ్రమగుట చూచి ఒళ్ళు వచ్చినదని సంతసించెదరు. లోపల కాపలా సన్నగిల్లును, చక్కెర పెరుగును. దురద లేపనముల పేర అవియే చర్మము మీదికి వచ్చినవి. పులిపిరి మీద పూసిన స్టెరాయిడు లేపనము పులిపిరిని పోగొట్టదు. దానిని పట్టవలసిన కాపలాను ఆ చోట నిద్రపుచ్చును. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటి లేక అమ్మరాదని ఆదేశించినది. ఆదేశము ఉన్నను, అంగడిలో అడిగిన దొరకుట మానలేదు.

మధుమేహ రోగుల అరికాలి పులిపిరిని గూర్చి నాలుగు మాటలు చాలును. వారి పాదములకు స్పర్శ తగ్గియుండును, రక్తము చాలదు, గాయము మానదు. బ్లేడుతో గీకుట, ఆనెమందు పట్టీ అంటించుట, వాత పెట్టుట వలన చిన్న పుండు ఎముక వరకు దిగి కాలు తీసివేయవలసిన స్థితి వచ్చును. వారు స్వయముగా ఏమియు చేయరాదు.

ఈ వైరసు కుటుంబములో పులిపిరులు లేపని దాయాదులు కొన్ని కలవు. వానిని గూర్చి తల్లులు వినవలెను. 1983లో జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ ట్సుర్ హౌసెన్, అతని సహచరులు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరులో 16వ రకమును, మరుసటి యేట 18వ రకమును కనుగొనిరి. అందులకు 2008లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. చేతి పులిపిరి ఎన్నటికిని గర్భాశయ క్యాన్సరు కాదు, రకములు వేరు. కాని నియమము మాత్రము అదే. ఈ రకములు అంటిన స్త్రీలలో అత్యధికుల దేహము ఒకటి రెండేండ్లలో తానే తుడిచివేయును. తుడువలేని కొద్దిమందిలోనే పది ఇరువదియేండ్లకు క్యాన్సరగును. హెచ్.ఐ.వి. గల స్త్రీలకు ఆ ప్రమాదము ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

పూర్వము నైజాము రాజ్యములో నుండి, ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్ అని పేరు మారిన ఉస్మానాబాదు జిల్లాలో 1999 నుండి 1,31,746 మంది పల్లె స్త్రీలతో ఒక మహాపరిశోధన సాగినది. 2009లో ప్రకటించిన ఫలితము ప్రకారము, జీవితములో ఒక్కసారి ఈ వైరసు పరీక్ష చేయించుకొన్న వర్గములో ఈ క్యాన్సరుతో 34 మంది మరణింపగా, పరీక్ష లేని వర్గములో 64 మంది మరణించిరి. ఆ పల్లెలకు, కొత్తకోట చుట్టుప్రక్కల పల్లెలకు నేలలో గాని, కూలిబ్రతుకులో గాని భేదము చాల తక్కువ.

టీకా సంగతియు తెలుగునాట చేదుగా ప్రారంభమైనది. 2009 జూలైలో ఖమ్మము జిల్లాలోని మూడు మండలములలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు ఒక పరిశోధనగా ఈ టీకా వేసిరి. వారిలో వసతిగృహములందున్న పేద బాలికలు అనేకులు. కొందరు బాలికలు మరణింపగా 2010లో దానిని నిలిపివేసిరి. విచారణ సంఘము ఆ మరణములకు పురుగుమందు, నీట మునుగుట వంటి వేరు కారణములు చూపి, టీకాతో సంబంధము కనబడలేదని తేల్చినది. కాని తలిదండ్రుల అంగీకారము తీసికొనవలసిన చోట వసతిగృహపు అధికారులే సంతకములు చేసిన తప్పిదము బయటపడి, 2013లో పార్లమెంటు సంఘము దానిని తీవ్రముగా గర్హించెను. టీకా మంచిదగుట వేరు, దానిని వేయు పద్ధతి మంచిదగుట వేరు. పద్ధతి చెడినందున టీకా మీద వచ్చిన అపనమ్మకము ఇప్పటికిని పూర్తిగా తొలగలేదు. 2022లో పుణె సీరం సంస్థ తయారుచేసిన స్వదేశీ టీకాకు అనుమతి లభించినది. అది 6, 11, 16, 18 రకములకు ఉద్దేశింపబడినది. చేతుల మీది పులిపిరులకు కాదు. ఆ ఆశతో వేయించుకొనుట పొరపాటు.

తుదకు చికిత్స. పిల్లలకు ఒకటి రెండు పులిపిరులున్నచో వేచియుండుటయే మేలు. పోగొట్టవలెనన్న సాలిసిలిక్ ఆమ్లపు మందు కలదు. గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టి, పైతోలును మెల్లగా అరగదీసి, చుట్టు చర్మమునకు తగులకుండ రాత్రిపూట పూయవలెను. పండ్రెండు వారముల ఓపిక కావలెను. నాలుగు దినములకే పనిచేయలేదని మానువారే ఎక్కువ. ముఖము మీద, మర్మస్థానములలో దీనిని వాడరాదు. అరగదీసిన రాయిని మరియొకరు వాడరాదు. వైద్యులు సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో గడ్డకట్టించుటయు, విద్యుత్తుతో మాడ్చుటయు చేయుదురు. అనేకము ఉన్నవారికి ఇటీవల వేరొక మార్గము వాడుకలోనికి వచ్చినది. పిల్లలకు వేయు తట్టు టీకా వంటి దానిని ఒక్క పులిపిరిలో ఎక్కించెదరు. కాపలా అచ్చటికి పరుగెత్తి, టీకాతో పాటు వైరసును కూడ చూచి, దూరముననున్న పులిపిరులను సైతము పట్టుట కలదు. అందరికి కాదు గాని, పలువురికి. కాపలా బలహీనమైన వారికి ఈ పద్ధతి తగదు. అందుచేత ముందుగా ఏ మందులు వాడుచున్నారో వైద్యునికి చెప్పుట ముఖ్యము.

ఒకప్పుడు ఇందులకు హైదరాబాదు పోవలసియుండెను. మహబూబునగరులో 2016లోను, వనపర్తిలో 2022లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు నెలకొన్నవి. కొత్తకోట నుండి వనపర్తి ఒక పూట ప్రయాణము కూడ కాదు. పోవునప్పుడు ఇంటిలో మ్రింగుచున్న మాత్రల ఖాళీ అట్టలను, పాత చీటీలను సంచిలో వేసికొని పోవలెను. చాలమంది పులిపిరిని చూపి, మాత్రల మాట మరచెదరు.

పులిపిరి నిజముగా పోయినదో లేదో తెలియుటకు భూతద్దమును అడుగనక్కరలేదు. అది ఉన్నంతకాలము వ్రేలి గీతలు దాని అంచున తెగిపోయియుండును. పూర్తిగా పోయిన చోట ఆ గీతలు మరల ఒకదానితో నొకటి కలిసి, ఏమియు జరుగనట్లు సాగిపోవును.